చెరువు గట్టు మీద యుద్ధం

పోయిన నెలలో కోడూరు నుంచి ఒక ఫోను వచ్చింది. చేసింది మాస్టారి బావమరిది. "లెక్కల గారూ, బావ పోయాడండీ. నిద్రలోనే పోయాడు" అన్నాడు. ఎప్పుడు, ఎలా అని నేను అడగవలసినవన్నీ అడిగాక, కాస్త మొహమాటంగా, "పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయించాలండీ. మీ దగ్గర మంచి ఫొటో ఏమన్నా ఉంటుందా?" అన్నాడు.

ఉండాలి మరి. గుడివాడలో పెళ్ళి వీడియోలు ఎడిటింగ్ చేసే షాపు నాది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో సగం మంది మొహాలు నా హార్డ్‌డిస్కుల్లో ఉంటాయి. కానీ మాస్టారి పేరుతో ఉన్న ఫోల్డరు తెరిస్తే అందులో అన్నీ చప్పుళ్ళే. 'పెడన బల్ల'. 'బందరు స్టేషన్, ఖాళీ బండి'. 'చెరువు, ఎండ రోజు'. 'చెరువు, మబ్బు రోజు'. ఈ చివరి రెండింటికీ తేడా ఏమిటో ఆయనకు పూర్తిగా తెలుసు, నాకు సగం తెలుసు. వాటి మధ్య ఒకే ఒక్క ఫొటో దొరికింది. రొయ్యల చెరువు గట్టు మీద గొంతుకూర్చుని ఉన్నారు. చెవులకు హెడ్‌ఫోన్లు. నోరు తెరిచి ఉంది.

అదే పంపాను. ఫ్లెక్సీ షాపువాళ్ళు కంప్యూటరులో ఆ నోరు మూయించబోతే ఆయన భార్య ఒప్పుకోలేదట. "ఆయన ఏదన్నా వినేటప్పుడు అట్టాగే ఉంటారు. ఉండనివ్వండి" అన్నదట.

నిజమే. ఆయన నోరు తెరిచే వినేవారు. ఎందుకని ఒకసారి అడిగితే, "మూసుకుంటే పళ్ళ చప్పుడు అడ్డమొస్తుందండీ" అన్నారు. అంతకు మించి వివరం లేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి నేనూ ప్రయత్నించి చూశాను. నాకు పెద్ద తేడా కనపడలేదు.

అందరూ ఆయన్ని మాస్టారు అనేవారు గానీ ఆయన ఏ బడిలోనూ పని చెయ్యలేదు. కీబోర్డు వాయించేవారు, కావలసినవాళ్ళకు నేర్పేవారు. పెళ్ళిళ్ళలో, చర్చి పండగల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో ఆయన వాయిద్యం విననివాళ్ళు బందరులో తక్కువ. అయితే వాయించేటప్పుడు ఆయన మొహం బస్సు కోసం నిలబడ్డ మనిషి మొహంలా ఉండేది. మనసంతా చిలకలపూడిలో తమ వాటా పక్కనే అద్దెకు తీసుకున్న మేడమీది గదిలో ఉండేది. ఊళ్ళో చప్పుళ్ళను రికార్డరులో పట్టుకొచ్చి, కంప్యూటరులో వేసి, కీబోర్డు మెట్ల మీద పరిచి, సాగదీసి, కుదించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆ గదిలో ఆయన ఎవరూ అడగని సంగీతం తయారుచేసేవారు.

ఆ గది కింద రోల్డుగోల్డు నగల కార్ఖానా. గాజులకూ గొలుసులకూ మెరుగుపెట్టే మోటారు పొద్దుటి నుంచీ తిరుగుతూనే ఉంటుంది. రికార్డింగు చేసుకునే మనిషి అలాంటి చోట గది ఎందుకు తీసుకున్నాడా అని నాకు మొదట ఆశ్చర్యం వేసింది. ఆయన గోడకు అరచెయ్యి ఆనించి, "మీరూ పెట్టండి చెయ్యి. కరెంటు వాళ్ళు ఊరు మొత్తానికీ ఒకటే శ్రుతి ఇచ్చారు. మోటార్లూ, ట్యూబులైట్లూ, ఫ్రిజ్జులూ అన్నీ దీని మీదే మూలుగుతాయి. ఇంక నేను తంబూరా కొనుక్కోవడం ఎందుకండీ?" అన్నారు.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. లెక్కలు నా అంతట నేను నేర్చుకున్నాను, అందుకని ఏది కనపడినా ముందు దాని లెక్క చూడటం అలవాటు. మన కరెంటు సెకనుకు యాభై సార్లు ఊగుతుంది. ఆయన కీబోర్డు మీద అది జీ అనే స్వరానికి కొద్దిగా పైన పడుతుంది. ఆయన కట్టిన సంగీతం చాలావరకు ఆ స్వరం చుట్టూనే ఎందుకు తిరుగుతుందో అప్పుడు అర్థమైంది. ఆ సంగతి చెబితే ఆయన చాలా సంతోషించి, "అయితే నేను చెడగొట్టినప్పుడల్లా తప్పు కరెంటాఫీసు మీదికి నెట్టొచ్చన్నమాట" అన్నారు. ఆ రోజు నుంచే నేను లెక్కల గారినయ్యాను. తర్వాత ఆయన ఇంట్లోవాళ్ళకూ, చుట్టాలకూ కూడా అదే నా పేరు.

ఒక చప్పుడును ఆయన బాగుందని గానీ బాగాలేదని గానీ అనగా నేను వినలేదు. "ఇది లావుగా ఉంది" అనేవారు. "దీనికి కాళ్ళు లేవు" అనేవారు. ఒకసారి నేను ఎంతో ఇష్టపడి ఒక పెళ్ళి వీడియోకు వేసిన సంగీతం విని, "తడిసిపోయింది, ఎండబెట్టండి" అన్నారు. ఎలా ఎండబెట్టాలో చెప్పలేదు. ప్రతిధ్వని తగ్గించి చూస్తే నిజంగానే తేరుకుంది.

బజారులో ఆయనతో నడవడం కష్టం. ఒకరోజు బందరులో స్టీలు సామాన్ల కొట్టుకు వెళ్తే నేనూ వెంట ఉన్నాను. భార్య ఒక పళ్ళెం తెమ్మన్నది. ఈయన పళ్ళాలు ఒక్కొక్కటే వేలితో మీటి చెవి దగ్గర పెట్టుకుంటున్నారు. కొట్టువాడు చాలాసేపు ఓర్చుకుని, "మాస్టారూ, కొంటారా, కచేరీ చేస్తారా?" అన్నాడు. చివరికి సొట్టపడిన పళ్ళెం ఒకటి కొన్నారు. దాని చప్పుడు మిగతావాటిలా లేదట. ఇంటికి తెస్తే ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నయ్యగారూ, ఈయన్ని చూసుకోమని కదా మిమ్మల్ని పంపింది" అన్నది.

యుద్ధం పని మాకు ఒక పెళ్ళి వీడియో ద్వారా వచ్చింది. ఆ వీడియోలో సామాను దించే చోట నేను మాస్టారి సంగీతం కొంచెం వాడాను. అది విజయవాడలో ఒక టీవీ ఛానలుకు డాక్యుమెంటరీలు తీసే ఒకామె చెవిన పడింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, పద్ధతైన మనిషి. నా షాపుకు ఫోన్ చేసి ఈ మ్యూజిక్ ఎవరిదని అడిగి, వారం తిరక్కుండా చిలకలపూడి వచ్చింది.

ఆమె తీస్తున్నది చాలా ఏళ్ళ కిందట జరిగిన ఒక సరిహద్దు యుద్ధం మీద ఆరు భాగాల డాక్యుమెంటరీ. మన వైపు నుంచి వెళ్ళి పోరాడి తిరిగొచ్చిన సైనికుల మాటలు, పాత ఫొటోలు, మ్యాపులు తప్ప ఆమె దగ్గర ఏమీ లేవు. కదిలే బొమ్మలు దాదాపు లేవు. కాబట్టి యుద్ధమంతా చప్పుడులోనే జరగాలి. మొదటి భాగానికి సంగీతం, చప్పుళ్ళు మాస్టారు చేస్తారు. అది ఛానలువాళ్ళకు నచ్చితే మిగతా ఐదూ ఆయనకే.

"లైబ్రరీల్లో తుపాకులూ, బాంబులూ, విమానాలూ అన్నీ దొరుకుతాయి సార్. మీకు కావాలంటే పంపిస్తాను" అన్నదామె.

"దొరుకుతాయమ్మా, నా దగ్గరా ఉన్నాయి. అవన్నీ సినిమాల్లో పేలి పేలి అలిసిపోయినవి. నన్ను కొత్తవి వెతుక్కోనివ్వండి" అన్నారు మాస్టారు.

ఆమె వెళ్ళాక మాస్టారి భార్య మాకు టీ పోస్తూ తన మాట తను చెప్పింది. ఆమె ఇంట్లోనే కూర్చుని రోల్డుగోల్డు గొలుసులు అల్లుతుంది. ఆ గది అద్దె ఎన్నో ఏళ్ళుగా ఆ గొలుసుల మీదే నిలబడింది.

"నా కళ్ళు ఇంక ఆ సన్న కొక్కేలు చూడట్లేదు అన్నయ్యగారూ. ఆరు భాగాలూ వస్తే గది ఉంచుకోమనండి, ఇంకో రెండేళ్ళు ఎట్టాగో అల్లుతాను. రాకపోతే ఖాళీ చేసి కోడూరు వెళ్ళిపోదాం. చెరువుల మీద మా తమ్ముడికి నమ్మకమైన మనిషి కావాలి. వాడు అడిగి అడిగి విసిగిపోయాడు."

మాస్టారు టీ గ్లాసు అంచును గోటితో కొడుతున్నారు. "వింటున్నారా?" అన్నదామె.

"విన్నానులే. న్యాయంగానే ఉంది" అన్నారాయన. నిజానికి అందులో అన్యాయం ఏమీ లేదు.

మర్నాటి నుంచి ఆయన యుద్ధం వెతుక్కుంటూ బయల్దేరారు. వీలున్నప్పుడు నేనూ వెంట వెళ్ళాను. ఫిరంగుల కోసం పెడన వెళ్ళాం. అక్కడ అద్దకం పనివాళ్ళు చెక్క అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద పెట్టి, పిడికిలితో గట్టిగా ఒక దెబ్బ వేస్తారు. బల్ల మీద పొరలు పొరలుగా గోనెసంచులు పరిచి ఉంటాయి కాబట్టి ఆ దెబ్బ డమ్మని మోగదు, లోపలికి దిగిపోతుంది. మాస్టారు బల్ల కింద రికార్డరు పెట్టి, ఆ చప్పుడును కీబోర్డు మీద రెండు స్థాయిలు కిందికి దించారు. ఒక్కో స్థాయి దిగినప్పుడల్లా చప్పుడు రెట్టింపు పొడవవుతుంది. రెండు స్థాయిలు దిగేసరికి నాలుగింతలై, కొండ అవతల ఎవరో పెద్ద తలుపు మూసినట్టు వచ్చింది. దూరంగా పేలే ఫిరంగి సరిగ్గా అదే.

అచ్చు వేసే భాయ్‌కి అది హెడ్‌ఫోన్లలో వినిపిస్తే ఆయన కాసేపు విని, "మాస్టర్ గారూ, మా బల్లతో ఎంతమందిని చంపుతారండీ?" అన్నాడు.

"మీరు పొద్దున్నించి వేసిన దుప్పట్లు ఎన్నో అంతమందిని."

"అయితే నన్ను భోజనానికి వెళ్ళనివ్వండి. ఓ నలుగురు బతుకుతారు" అన్నాడు భాయ్.

ఇంజన్ల మోత కోసం కోడూరు వెళ్ళాం, బావమరిది చెరువుల దగ్గరికి. రొయ్యల చెరువు ఎరగనివాళ్ళ కోసం ఒక మాట చెప్పాలి. నీళ్ళలో రొయ్యకు గాలి సరిపోదు. అందుకని చెరువులో ఏరియేటర్లు పెడతారు. మోటారుతో తిరుగుతూ నీటిని చిలికే రెక్కల చక్రాలవి. మబ్బు పట్టిన రోజున గాలి మరీ తగ్గుతుంది కాబట్టి అవి ఆగకుండా తిరగాలి. ఆగితే రొయ్య పైకి తేలి నోరు తెరిచి కొట్టుకుంటుంది. కాసేపట్లో జనరేటరు వెయ్యకపోతే చెరువంతా పోతుంది. నెలల కష్టం, అప్పు, అన్నీ దానితోపాటే. అక్కడివాళ్ళు ఆ మోతలోనే తింటారు, అందులోనే పడుకుంటారు. అది వాళ్ళకు వినపడదు కూడా.

మాస్టారు గట్టు మీద గొంతుకూర్చుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని, నోరు తెరిచారు. నేను ఫొటో తీసింది అప్పుడే. బావమరిది వచ్చి నా పక్కన నిలబడి, "ఏంటండీ, మా రొయ్యలు పాడుతున్నాయా?" అని అడిగాడు.

"యుద్ధానికి వెళ్తున్నాయట" అన్నాను.

"వెళ్ళనివ్వండి. ఒక్కటి కూడా తగ్గకుండా తిరిగొస్తే చాలు."

ఆ మోతను ఒక స్థాయి దించితే కొండ ఎక్కుతున్న మిలిటరీ లారీల వరస తయారైంది. దాని కింద మాస్టారు కీబోర్డు నుంచి ఒక సన్నని స్వరం, అదే కరెంటు శ్రుతి, ఆపకుండా పట్టి ఉంచారు. మొదటి భాగం రెండో సగమంతా ఈ మోత మీదే నడుస్తుంది. అంతవరకు ఏ గొడవా లేదు.

గొడవంతా చివర్లో వచ్చింది. మొదటి భాగం ఒక చిన్న కొండ పోస్టు కథతో ముగుస్తుంది. కొద్దిమంది సైనికులు, ఒక వైర్‌లెస్ సెట్టు. తెర మీద ఆ పోస్టు ఫొటో ఒక్కటే ఉంటుంది, కెమెరా మెల్లగా దగ్గరికి వెళ్తుంటుంది. "ఆ తర్వాత ఆ పోస్టు నుంచి మాట రాలేదు" అని వ్యాఖ్యాత అంటాడు. అక్కడ ఒక పెద్ద పేలుడు కావాలని ఆమె స్పష్టంగా రాసి పంపింది.

మాస్టారు పేలుడు చేశారు. ఖాళీ డీజిల్ పీపా, పెడన బల్ల, కార్ఖానా ఇనప షట్టరు, మూడూ కలిపి చేసిన పేలుడు. నా షాపులో వేస్తే రోడ్డు అవతల ఫ్యాన్సీ షాపులో నుంచి ఒకాయన బయటికొచ్చి ఆకాశం చూశాడు. నాకు ఎంతో నచ్చింది. మాస్టారు మాత్రం, "లావుగా ఉందండీ" అన్నారు.

మళ్ళీ కోడూరు వెళ్ళాం. లారీల మోత ఇంకొంచెం కావాలన్నారు. ఆ రోజు మబ్బుగా ఉంది. ఒక ఏరియేటరు రెక్క విరిగితే మార్చడానికి బావమరిది మెయిన్ స్విచ్చు కట్టేశాడు. మోత ఆగింది. నేను నీళ్ళకేసి చూస్తున్నాను. మాస్టారు నా మోచెయ్యి పట్టుకుని, "అటు చూడండి" అన్నారు.

చుట్టూ ఉన్న గట్ల మీద తలలు లేచాయి. వలలు బాగుచేస్తున్నవాళ్ళూ, మేత కలుపుతున్నవాళ్ళూ ఎక్కడివాళ్ళక్కడ మా వైపు తిరిగి నిలబడిపోయారు. ఎదురు గట్టు మీద అన్నం తింటున్న ఒక పెద్దాయన చేతిలో ముద్ద పళ్ళెంలో పడేసి లేచాడు.

"ఏరా! కరెంటు పోయిందేంట్రా?" అని అరిచాడు.

"లేదు మావయ్యా! నేనే ఆపా, రెక్క మార్చాలి!"

"చెప్పి ఆపితే నీ సొమ్మేం పోయింది? గుండె జారిపోయిందిరా ఎదవా!" అని ఆయన మళ్ళీ కూర్చున్నాడు గానీ, స్విచ్చు వేసేదాకా ముద్ద ముట్టలేదు.

బస్సులో తిరిగి వస్తున్నాం. అవనిగడ్డ దాటాక మాస్టారు, "పేలుడు తీసేస్తానండీ. మోత ఆపేస్తాను. అంతే" అన్నారు.

"ఎంతసేపు?"

"ఎనిమిది సెకన్లు. మీ లెక్కలో ఎంతవుతుంది?"

"రెండు వందల ఫ్రేములు. టీవీలో అది చాలా పొడవు మాస్టారూ."

"పొడవుగానే ఉండాలి."

అది చెప్పినంత సులువు కాదు. ఫోన్ చేసి కనుక్కుంటే ఛానలులో ఒక నియమం ఉందని తెలిసింది. చప్పుడు నాలుగు సెకన్లకు మించి ఆగితే కంట్రోల్ రూములో అలారం మోగుతుంది, డ్యూటీలో ఉన్నవాళ్ళు వెంటనే వేరే కార్యక్రమం పెట్టేస్తారు. నాలుగు సెకన్లకు ఒప్పుకోమన్నాను. ఆయన నా షాపులో కుర్చీలో కూర్చుని గట్టు మీది రికార్డింగు మళ్ళీ మళ్ళీ విన్నారు. ఆగిన తర్వాత నాలుగో సెకనుకు పెద్దాయన కేక ఇంకా రానే లేదు. "ఇంత తక్కువలో మనిషికి అనుమానం రాదండీ" అన్నారు.

దానికి నాకొక ఉపాయం తోచింది. అలారానికి చెవులు లేవు, అది చూసేది మీటరు మాత్రమే. ఇళ్ళల్లో టీవీ స్పీకర్లు పలకలేనంత కింది స్వరం ఒకటి ఆ ఎనిమిది సెకన్లలో పెడితే మీటరు సూది లేచి ఉంటుంది, ఇంట్లో వినేవాళ్ళకు నిశ్శబ్దమే. కీబోర్డులో అట్టడుగు మెట్టు కన్నా ఒక స్థాయి కిందికి వెళ్ళి అలాంటి స్వరం పెట్టి, నాలుగు రకాల టీవీల్లో వేసి చూశాం. ఎక్కడా ఏమీ వినపడలేదు. ఆ సాయంత్రం ఆయన నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపారు.

పంపే రోజు మాస్టారూ, ఆయన భార్యా కలిసి గుడివాడ వచ్చారు. కంప్యూటరులో రెండు ఫైళ్ళు సిద్ధంగా ఉన్నాయి. ఒకదాని పేరు 'పేలుడు', రెండోదాని పేరు 'ఆపు'. నేను నా అభిప్రాయం దాచుకోలేదు. "ముందు పేలుడుది పంపండి. ఆరూ చేతికి వచ్చాక మూడో భాగంలోనో నాలుగో భాగంలోనో ఇది పెట్టుకోవచ్చు" అన్నాను.

"అన్నయ్యగారు చెప్పినట్టు చెయ్యండి. వాళ్ళు అడిగింది వాళ్ళకి ఇచ్చేస్తే సరిపోతుంది కదా" అన్నది ఆమె.

ఆయన మా ఇద్దరి మాటా పూర్తిగా విన్నారు. తర్వాత, "పేలుడు ఎవరైనా చేస్తారే. ఇది ఒక్కటే నేను చేసింది" అన్నారు ఆమెతో. నా వైపు తిరిగి, "ఆపు పంపండి" అన్నారు.

పంపాను. ఆమె షాపులో వేలాడదీసిన క్యాలెండరు చూస్తూ కూర్చుంది.

పది రోజుల తర్వాత మొదటి భాగం ప్రసారమైంది. దాన్ని బందరులో చూడనన్నారు మాస్టారు. కోడూరులో, చెరువుల వాళ్ళ మధ్య కూర్చుని చూస్తానన్నారు. ఆయన భార్య ముందు రోజే తమ్ముడింటికి వెళ్ళింది. మేమిద్దరం మధ్యాహ్నం బస్సులో ఉండగా విజయవాడ నుంచి ఫోన్ వచ్చింది. ఆయన వింటూ, "సరేనమ్మా... పర్లేదమ్మా... మీరేం చేస్తారు" అని పెట్టేశారు.

"ఏమంటున్నారు?" అన్నాను.

"ఐదూ వేరేవాళ్ళకి ఇచ్చేశారటండీ. పైవాళ్ళు చూసి, యుద్ధం యుద్ధంలా లేదన్నారట. టైం లేక దీన్ని మాత్రం ఉన్నట్టే వేస్తున్నారు. ఆమెకి నచ్చిందట పాపం, ఏడుపు గొంతుతో చెప్పింది." ఫోను జేబులో పెట్టుకుంటూ, "మా ఆవిడకి ఇప్పుడే చెప్పకండి. ముందు చూడనిద్దాం" అన్నారు.

బావమరిది టీవీని వసారాలోకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మబ్బు పట్టిన సాయంత్రం. రోడ్డు అవతల చెరువుల్లో ఏరియేటర్లన్నీ తిరుగుతున్నాయి. ఇరుగుపొరుగు చెరువుల వాళ్ళు పనులు ముగించుకుని వచ్చి మెట్ల మీదా చాపల మీదా కూర్చున్నారు. అన్నం ముద్ద వదిలేసి లేచిన పెద్దాయన కూడా వచ్చాడు. మాస్టారి భార్య గుమ్మంలో కూర్చుంది. మాస్టారు ఒక్కరే టీవీకి వీపు పెట్టి, జనానికి ఎదురుగా స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు.

"సినిమా అటు బావా" అన్నాడు బావమరిది.

"నేను చూసిందే కదరా" అన్నారు మాస్టారు.

ఫిరంగులు మోగాయి. సైనికులు మాట్లాడారు. లారీలు కొండ ఎక్కడం మొదలైంది. టీవీ గట్టిగా పెట్టారేమో, ఆ మోత అవతలి చెరువుల మోతలో కలిసిపోయి ఏది ఏదో తెలియకుండా పోయింది. కాసేపటికి రెండూ ఎవరికీ వినపడటం మానేశాయి. పోస్టు ఫొటో వచ్చింది. ఆ తర్వాత మాట రాలేదన్నాడు వ్యాఖ్యాత. మోత ఆగింది.

ముందు పెద్దాయన మెడ ఎత్తాడు. మెడ ఎత్తి రోడ్డు వైపు తిప్పాడు. టీవీ వెలుగుతూనే ఉంది, లైట్లూ వెలుగుతూనే ఉన్నాయి. కానీ మూడు ఫేజుల్లో ఒక్కటి పోయినా ఇళ్ళల్లో లైట్లు ఉంటాయి, చెరువుల్లో మోటార్లు ఆగిపోతాయి. అది అక్కడ అందరికీ తెలుసు. "మోటార్లురా!" అని ఎవరో అరిచారు. అంతే. చాపలు తొక్కుకుంటూ, ఒకరినొకరు తోసుకుంటూ లేచారు. బావమరిది చెప్పులు కూడా వేసుకోకుండా మెట్ల మీంచి దూకాడు. పెద్దాయన భుజం మీది తువ్వాలు మెట్ల మీద పడిపోయింది. ఎనిమిది సెకన్లు పూర్తయి టీవీలో మాటలు మొదలయ్యేసరికి వసారాలో చూసేవాళ్ళు దాదాపు ఎవరూ లేరు.

రోడ్డు దాకా వెళ్ళాక వాళ్ళకు అవతలి చెరువుల మోత మామూలుగానే వినపడింది. అక్కడే నిలబడి ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఆయాసపడుతూ, తిట్టుకుంటూ, నవ్వుకుంటూ ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు.

"బావా, చంపేశావు కదయ్యా! ఇది యుద్ధమా, ఫేజు పోవడమా?" అని బావమరిది మెట్ల మీద కూలబడ్డాడు.

మాస్టారు నా వైపు తిరిగారు. "ఎంతమంది లేచారండీ?"

"పద్నాలుగు మంది కూర్చున్నారు. పన్నెండు మంది లేచారు" అన్నాను.

"ఆ ఇద్దరు ఎవరు?"

"ఒకాయన మంగలి షాపాయన, ఆయనకి చెరువు లేదు. రెండోది మీ ఆవిడ."

"నేనెందుకు లేస్తాను?" అన్నది ఆమె గుమ్మంలో నుంచి. "నెల రోజుల నుంచి గోడ అవతల ఆపుతూనే ఉన్నారు కదా." తర్వాత అందరికీ వినపడేలా, "మిగతా ఐదూ ఎప్పుడు మొదలుపెట్టమన్నారు?" అని అడిగింది.

మాస్టారు ఆమె వైపు తిరిగారు. "లేవు. మధ్యాహ్నం ఫోన్ చేశారు. వాళ్ళకి పేలుడే కావాలట" అన్నారు.

వసారాలో నవ్వులు ఆగిపోయాయి. పెద్దాయన తువ్వాలు వెతుక్కుంటూ వంగి, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. బావమరిది మెల్లగా వచ్చి మాస్టారి పక్కన కూర్చుని, ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. "పోతే పోనీ బావా. మా దగ్గరికి వచ్చెయ్. గట్టంతా నీదే. స్విచ్చుబోర్డు మాత్రం నీకు ఇవ్వను" అన్నాడు. అందరికన్నా ముందు మాస్టారే నవ్వారు.

ఆమె నవ్వలేదు. లేచి, చాపల మీద దొర్లుతున్న టీ గ్లాసులు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. మాస్టారి ముందున్న గ్లాసు దగ్గరికి వచ్చాక ఆగింది.

"పేలుడుది పంపమన్నాను కదా" అన్నది.

"అన్నావు."

"అది పంపుంటే వీళ్ళలో ఒక్కళ్ళు కూడా లేచేవాళ్ళు కాదు" అన్నది. ఆ గ్లాసు కూడా తీసుకుని, "నెలాఖరుకి గది తాళం ఇచ్చేద్దాం" అని లోపలికి వెళ్ళింది.